పిల్లల మనసుకు వైద్యం: డాక్టరు దగ్గర ఒక గంట, ఇంట్లో మిగతా నెలంతా

సోమవారం పొద్దున్న కడుపునొప్పి. ఆదివారం చీకటి పడేదాకా ఏటిగట్టు మీద క్రికెట్ ఆడిన పిల్లాడే, తెల్లారేసరికి పొట్ట పట్టుకుని మంచంలో ముడుచుకుంటాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు గ్యాస్ అన్నారు, సిరప్ ఇచ్చారు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. అమలాపురం తీసుకెళ్లి స్కానింగ్ చేయిస్తే అంతా నార్మల్ అని వచ్చింది. "ఏ రోగమూ లేదు, బడి ఎగ్గొట్టడానికి నాటకాలు" అని మేనమామ తేల్చేసి రెండు తగిలించాడు. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఈ పిల్లాడు ఫలానా ఇంటివాడని వెతకొద్దు. పి.గన్నవరం, రాజోలు, సఖినేటిపల్లి, నరసాపురం, ఈ వైపు ఏ ఊళ్లోనైనా వినిపించే సంగతులు కలిపి ఒక పిల్లాడిని చేశాను, విషయం చెప్పడానికి వీలుగా. వయసు 9 ఏళ్లు, నాలుగో తరగతి. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి రెండేళ్లు దాటింది. తండ్రి భీమవరం అవతల రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు, పదిహేను రోజులకోసారి వచ్చి వెళ్తాడు. పిల్లాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు.

ముందు ఆ నొప్పి సంగతి చూద్దాం. అది నిజం నొప్పే. భయం వేసినప్పుడు ఒళ్లు పరుగెత్తడానికో పోట్లాడటానికో సిద్ధమవుతుంది. గుండె దడ పెరుగుతుంది, పేగుల కదలిక మారిపోతుంది. పేగుల గోడల్లో పెద్ద నరాల అల్లిక ఉంది. దానికీ మెదడుకీ మధ్య రాకపోకలు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. అందుకే టెన్షన్ ముందుగా పొట్టలోనే తెలుస్తుంది. "నాకు భయంగా ఉంది" అని చెప్పడం చేతకాని వయసులో పిల్లలు "కడుపు నొప్పి" అంటారు, "తల నొప్పి" అంటారు. స్కానింగ్‌లో ఏమీ కనబడలేదంటే పేగుల్లో జబ్బు లేదని అర్థం. పిల్లాడు అబద్ధమాడుతున్నాడని కాదు. అలాగని ప్రతి కడుపునొప్పినీ మనసు మీదికి తోసెయ్యకూడదు. బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి నొప్పితో లేస్తున్నా, వాంతులవుతున్నా, మలంలో రక్తం పడుతున్నా ముందు పిల్లల డాక్టరుకే చూపించాలి.

ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉంటారు? బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. నలభై మంది ఉన్న తరగతిలో ముగ్గురు. రకరకాల మానసిక సమస్యలకు వైద్యం అందనివాళ్లు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని కూడా ఆ సర్వేయే చెప్పింది. పెద్దయ్యాక కనబడే మానసిక సమస్యల్లో సగం 14 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో సైకియాట్రిస్టులు లక్ష జనాభాకు ఒక్కరు కూడా లేరు, లెక్క 0.75 దగ్గర ఆగుతుంది. పిల్లల కోసమే ప్రత్యేకంగా చదివినవాళ్లు ఇంకా తక్కువ.

కాబట్టి ఎంత మంచి డాక్టరు దొరికినా నెలకు ఒక గంట దొరికితే గొప్ప. నెలలో 720 గంటలు. మిగతా 719 గంటలూ పిల్లాడు ఇంట్లోనో బళ్లోనో ఉంటాడు. వైద్యం నడవాల్సింది అక్కడే. దాన్ని నడపాల్సినవాళ్లు ఇంట్లోవాళ్లు. మన ఆసుపత్రుల్లో మాత్రం ఇంట్లోవాళ్లంటే చీటీ రాయించుకుని, బెంచీ మీద కూర్చుని, చివర్లో మందులు కొనుక్కొచ్చే మనుషులు, అంతే.

బోర్డు మీద పేర్లు

"మనసు డాక్టరు" అని ఒకే మాట వాడేస్తాం గానీ ఆ గదుల్లో కూర్చునేవాళ్లు ఒకే రకం కాదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. వీళ్లలో మందులు రాయగలిగేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. తెలివితేటల, చదువు పరీక్షలు చేస్తారు, మాటలతో, అలవాట్ల మార్పుతో చేసే చికిత్స నడిపిస్తారు. వీళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి. ఆ నంబరు అడగడంలో తప్పు లేదు. స్పీచ్ థెరపిస్టులకూ, స్పెషల్ ఎడ్యుకేటర్లకూ అదే వర్తిస్తుంది. కౌన్సెలర్ అన్న బోర్డుకు మాత్రం ఒకే కొలత లేదు. చాలా బాగా చేసేవాళ్లున్నారు, వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఏం చదివారు, ఎక్కడ నేర్చుకున్నారు, ఏ పరిస్థితుల్లో సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తారు అని అడిగితే సగం తెలిసిపోతుంది. మూడో ప్రశ్నకు "మేం ఎక్కడికీ పంపమండీ, అన్నీ మా దగ్గరే" అన్నారంటే లేచి వచ్చేయొచ్చు.

వీళ్లందరికంటే ముందు వెళ్లాల్సింది మామూలు పిల్లల డాక్టరు దగ్గరికే. మాటలు ఆలస్యమైన పిల్లాడికి మొదట వినికిడి పరీక్ష చేయాలి. చదువులో వెనకబడ్డ పిల్లకు మొదట కళ్లు చూడాలి. పాఠం మధ్యలో ఉన్నట్టుండి కొన్ని సెకన్లు రెప్ప వెయ్యకుండా ఉండిపోయే పిల్లను "ధ్యాస లేదు" అని తిడుతుంటారు. అది ఒక రకం ఫిట్స్ కావచ్చు.

మాటలు ఆలస్యమైతే మన వైపు రెండు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, వస అరగదీసి నాలుకకు రాయడం. రెండోది, "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకి గానీ మాట రాలేదండీ." రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే దానితో రెండేళ్లు గడిచిపోతాయి. పేరు పెట్టి పిలిస్తే ఏడాది వయసుకైనా తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు కావాల్సింది వేలితో చూపించకపోయినా, మాటల కోసం ఎదురుచూడకుండా చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. పుట్టిన దగ్గర నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల ఎదుగుదల చూసి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. ఆ బృందం వచ్చే రోజేదో అంగన్‌వాడీ టీచర్‌ని అడిగి తెలుసుకోవచ్చు. ఆ రోజు పిల్లాడిని పెళ్లికి తీసుకెళ్లకుండా ఉంటే చాలు.

ప్రభుత్వ వైద్యంలో కోనసీమకు దగ్గరి పెద్ద దిక్కు కాకినాడ. రంగరాయ మెడికల్ కాలేజీ అనుబంధ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అమలాపురం నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా బస్సులో వెళ్లి, ఓపీ చీటీ తీసుకుని, చూపించుకుని వచ్చేసరికి ఒక రోజు కూలి పోయినట్టే. అంత దూరం వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి 14416 అనే ఫోన్ నంబరు ఉంది. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లాడే ఫోన్ చెయ్యాలని లేదు, అమ్మమ్మ కూడా చెయ్యొచ్చు.

ఇంట్లో ఎవరు?

డాక్టరు గదిలో మొదటి ప్రశ్న "అమ్మానాన్నలు వచ్చారా?" మన పిల్లాడి విషయంలో దానికి జవాబు లేదు. డెల్టాలో చాలా ఇళ్లలో ఉండదు కూడా. ఇల్లు స్లాబు వేసుకోవడానికో, రొయ్యలకు తెల్లమచ్చ వచ్చి మునిగిపోయిన పంట అప్పు తీర్చడానికో, పెద్దమ్మాయి పెళ్లికో తల్లి కువైట్ విమానం ఎక్కి ఉంటుంది. అడగాల్సిన ప్రశ్న వేరు. పొద్దున్నే పిల్లాడిని నిద్ర లేపేదెవరు? అన్నం పెట్టేదెవరు? రాత్రి భయం వేస్తే ఎవరి పక్కకి వెళ్లి పడుకుంటాడు? ఆ పేరే వైద్యానికి కావాల్సిన కుటుంబం. సంతకం పెట్టేది తండ్రే కావచ్చు. ఏం చెయ్యాలో నేర్పాల్సింది మాత్రం అమ్మమ్మకి.

ఇక్కడే ఇంకో మాట వస్తుంది: "తల్లి వదిలేసి పోబట్టేనండీ ఇదంతా." ఊరు అంటుంది, బంధువులు అంటారు, ఒక్కోసారి తెల్లకోటు వేసుకున్నవాళ్లూ అంటారు. నిందలు మోపడంలో మానసిక వైద్యానికి పాత చరిత్రే ఉంది. మాట, నలుగురితో కలవడం కష్టమయ్యే ఆటిజాన్ని 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ వర్ణించినప్పుడు ఆ పిల్లల తల్లిదండ్రులు మమకారం లేని మనుషులని రాశాడు. తర్వాత బ్రూనో బెటల్‌హైమ్ వంటివాళ్లు దాన్ని ఇంకా ముదిరించి తల్లి మనసు గడ్డకట్టుకుపోవడం వల్లే ఈ జబ్బు అనే దాకా తీసుకెళ్లారు. ఒక తరం తల్లులు ఆ నేరం మోశారు. దాన్ని గట్టిగా ఎదిరించిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ స్వయంగా సైకాలజిస్టు, ఆటిజం ఉన్న పిల్లాడి తండ్రి కూడా. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిందని ఆయన 1964లో వాదించాడు. 1977లో కవల పిల్లల మీద జరిగిన అధ్యయనం వంశపారంపర్య కారణాల వైపు వేలు చూపించాక ఆ పాత సిద్ధాంతం నిలబడలేదు.

కువైట్ తల్లి మీద వేసే నిందకు అంత పెద్ద సిద్ధాంతమేమీ లేదు, దాని నష్టం మాత్రం అలాంటిదే. తల్లి దూరమవడం పిల్లాడి బెంగకు ఒక కారణం కావచ్చు. ఆ మాటనే పదేపదే అంటే ఆమె ఫోన్ చెయ్యడానికి జంకుతుంది, అమ్మమ్మ డాక్టరుకు నిజం చెప్పడానికి జంకుతుంది. ఏడాది పొడుగునా చెరువు గట్టునే ఉండే తండ్రిని ఎవరూ ఏమీ అనకపోవడం కూడా గమనించాల్సిందే.

మన దేశంలో దీనికి ఎదురు నడిచిన అనుభవం ఒకటుంది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు ఇంట్లోవాళ్లనూ ఉంచాడు. రోగులు త్వరగా కోలుకున్నారు, ఇంట్లోవాళ్లు ఎలా చూసుకోవాలో నేర్చుకున్నారు. తర్వాత మనవాళ్లు రాయవేలూరు అని పిలిచే వెల్లూరులోని సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) మానసిక ఆరోగ్య కేంద్రం కూడా కుటుంబం వెంట ఉండాలనే పద్ధతి పెట్టుకుంది. పాశ్చాత్య దేశాల ఆసుపత్రులు బంధువులను గేటు బయట ఆపుతున్న కాలమది. వైద్యులు కొరత అయినచోట కుటుంబమే బలం అని అప్పుడే కనిపెట్టారు.

తల్లిని వైద్యంలోకి తేవడం ఇప్పుడు అంత కష్టమూ కాదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వీడియో కాల్ మీద వైద్యానికి దారి ఇచ్చాయి. అమ్మమ్మ, పిల్లాడు గదిలో ఉంటే తల్లి ఫోన్‌లో ఉండొచ్చు. చిక్కల్లా టైముతోనే. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 10కి పని తెమిలి ఆమె ఫోన్ చేసేసరికి ఇక్కడ 12:30. అమ్మ గొంతు వినాలని పిల్లాడు మేలుకునే ఉంటాడు, లేదా నిద్రలోంచి లేపుతారు. వచ్చినరోజు నిద్ర పోతుంది, రానిరోజు ఎదురుచూపుతో ఇంకా పోతుంది. ఇలాంటి ఇంటికి ఏ మందూ రాయకుండా డాక్టరు చెప్పగలిగిన మొదటి సలహా, కాల్ టైము మార్చుకోండని. ఇక్కడ పొద్దున్న 7:30 అంటే అక్కడ 5. ఆమె లేచే వేళే. ఐదు నిమిషాలు చాలు, వారానికి మూడు రోజులైనా చాలు, చెప్పిన టైముకి రావాలి. "వచ్చే నెల వచ్చేస్తా నాన్నా" అని టికెట్ చేతిలో లేకుండా మాటివ్వకూడదు. ఇటువైపు అమ్మమ్మ మానుకోవాల్సింది ఒకటే: "అల్లరి చేస్తే మీ అమ్మ ఇంక రాదు" అన్న బెదిరింపు. మనకది ఊతపదం, వాడికది నమ్మకం.

గోడ క్యాలెండరు, చుక్కలు, బడి గేటు

సైకాలజిస్టు మొదటిసారి ఇచ్చే పని చాలాసార్లు ఇదే: నొప్పి ఎప్పుడెప్పుడు వస్తోందో మూడు వారాలు రాయండి. అమ్మమ్మకు రాయడం రాదు. అయినా పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ గుర్తు పెట్టుకునే గోడ క్యాలెండరు ఉంది. నొప్పి వచ్చినరోజు ఎర్రచుక్క, అమ్మ కాల్ ఆలస్యమైన రాత్రికి నల్లచుక్క. మూడు వారాల తర్వాత ఆ కాగితం చూస్తే ఆదివారాల్లో ఒక్క ఎర్రచుక్క లేదు. సోమవారాలు అన్నీ ఎరుపు. నల్లచుక్క పడ్డ మర్నాడు దాదాపుగా ఎరుపు. ఇవి కాక గురువారాలు కూడా ఎర్రగా ఉన్నాయి, దానికి కారణం ఎవరికీ తట్టలేదు. పిల్లాడినే అడిగితే చెప్పాడు: గురువారం ఇంగ్లిష్ సారు ఒక్కొక్కరినీ లేపి పాఠం పైకి చదివిస్తారు.

బడికి వెళ్లనని మొండికేసే పిల్లల్లో కారణం ఒక్కటే ఉండటం అరుదు. ఇక్కడ అమ్మ బెంగ ఒక పోగు, చదవలేకపోవడం ఇంకో పోగు. రెండోదాన్ని విడిగా పరీక్షించాలి. తెలుగు గడగడా చదువుతూ ఇంగ్లిష్ దగ్గరే ఆగిపోతుంటే అది చాలావరకు నేర్పడంలో లోటు, కూర్చోబెట్టి నేర్పితే దారికొస్తుంది. తెలుగులోనూ ఒత్తులు జారిపోతూ, గుణింతాలు తారుమారవుతూ, కళ్లూ చెవులూ బాగానే ఉండి తోటివాళ్ల కంటే బాగా వెనకబడితే చదువులో ప్రత్యేక ఇబ్బంది ఉందేమో చూడాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో అదీ ఉంది, ఆటిజమూ ఉంది. సర్టిఫికెట్ ఉంటే పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగొచ్చు. "సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లకి పెళ్లి కాదు" అని దాచిపెట్టే ఇళ్లున్నాయి. వాళ్ల భయం అర్థమవుతుంది. దాచడం వల్ల పోయేది మాత్రం పిల్ల చదువే.

మన పిల్లాడిని బడికి తిరిగి పంపేది ఎలా? ఈడ్చుకెళ్లి పడేస్తే భయం రెట్టింపవుతుంది. ఇంట్లోనే ఉంచేస్తే భయం గట్టిపడుతుంది. పారిపోయిన ప్రతిసారీ మెదడు "పారిపోబట్టే బతికాను" అని నేర్చుకుంటుంది. భయపడ్డ చోటే కాసేపు నిలబడితే భయం పెరిగి, పెరిగి, దానంతట అదే దిగుతుంది. ఆ దిగడం పిల్లాడి అనుభవంలోకి రావాలి. కాబట్టి మెట్లు. మొదట రెండు రోజులు అమ్మమ్మతో బడి గేటు దాకా వెళ్లి పది నిమిషాలు నిలబడి రావడం. తర్వాత ప్రార్థన అయ్యేదాకా ఉండటం. ఆపైన ఇంటర్వెల్ దాకా. ఆ తర్వాత మధ్యాహ్న భోజనం చేసి రావడం. చివరికి లాంగ్ బెల్ దాకా. ఒక మెట్టు మీద భయం సగానికి దిగాక గానీ పై మెట్టెక్కకూడదు. కొన్ని వారాలపాటు గురువారం పైకి చదివించొద్దని సారుతో ముందే మాట్లాడాలి. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధమని కూడా గుర్తు చేయొచ్చు, గొడవ పెట్టుకోకుండా.

ఇంటి దగ్గర చేయాల్సినవి చెప్పడానికి తేలిక, చేయడానికి కాదు. "పొట్ట ఎలా ఉందిరా?" అని పదిసార్లు అడగకూడదు. నొప్పి అంటే "నొప్పిగా ఉందా, సరే, కాసేపట్లో తగ్గుతుంది, చొక్కా వేసుకో" అని ఒక్క మాటలో ఒప్పుకుని పనిలో పడిపోవాలి. బడి మానేసిన పూట టీవీ, ఫోన్ ఉండకూడదు. మెచ్చుకునేటప్పుడు "మంచోడివి" అంటే వాడికి అందదు, "ఇవాళ ఏడవకుండా ఇంటర్వెల్ దాకా కూర్చున్నావు" అంటే అందుతుంది. అన్నింటికంటే కష్టమైంది పెద్దవాళ్లంతా ఒక్క మాట మీద ఉండటం. అమ్మమ్మ జాలిపడి పది రూపాయలిచ్చి చిప్స్ కొనుక్కోమంటుంది, మేనమామ చెయ్యెత్తుతాడు, తండ్రి వచ్చిన రెండు రోజులూ సెల్లు చేతికిచ్చి సంతోషపెడతాడు. తలా ఒక దారి. మంచి వైద్యులు వీళ్లందరినీ ఒకసారి కూర్చోబెట్టి ఒక్క కాగితం మీద నాలుగు నియమాలు తెలుగులో రాసిస్తారు. అది మందుల చీటీ కంటే ఎక్కువ పనిచేయడం చూశాను.

సంక్రాంతి సెలవుల తర్వాత ఈ మెట్లన్నీ కూలినట్టు అనిపిస్తుంది. పందేలు, తీర్థాలు, చుట్టాలు, నిద్రలేని రాత్రులు, ఆపైన హఠాత్తుగా బడి. మళ్లీ మొదటికొచ్చిందని బెంబేలు పడక్కర్లేదు. కింది మెట్టు నుంచి మొదలుపెడితే రెండోసారి త్వరగా ఎక్కుతారు.

వరదల తర్వాతా ఇంతే. 2022 జులైలో లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఆ తర్వాత పక్క తడపడం, కొంగు వదలకపోవడం, వాన మొదలైతే వణకడం చాలామంది పిల్లల్లో ఉండే మామూలు స్పందనలు. తినే వేళ, పడుకునే వేళ, బడి వీలైనంత త్వరగా గాడిలో పడితే చాలావరకు వారాల్లో సర్దుకుంటాయి. నెల దాటినా తగ్గకపోతే చూపించాలి. 86 వరదలూ 96 తుఫానూ చూసిన తాతలు ఆ కథలు చెప్పడం మంచిదే, పడుకోబోయే ముందు మాత్రం వద్దు.

ఇంటర్ వయసు

పిల్లలు పెద్దయ్యేకొద్దీ కుటుంబం పాత్ర మారుతుంది. తొమ్మిదేళ్ల వాడికి ఏం చెయ్యాలో పెద్దలు నిర్ణయిస్తారు. పదహారేళ్ల అమ్మాయితో అలా కుదరదు. పైగా ఆ వయసుకి చాలామంది ఇంట్లో ఉండరు, విజయవాడలోనో ఇంకెక్కడో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంటారు. వారానికో ఫోన్ కాల్, వార్డెన్ పక్కనే నిలబడి ఉండగా. ఆ కాల్లో "బాగానే ఉన్నాను" తప్ప ఇంకేం వినబడుతుంది? ఈ వయసులో డిప్రెషన్ దిగులుగా కంటే చిరాకుగా కనబడుతుంది. నిద్ర తారుమారవడం, ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోవడం, స్నేహితులకు దూరం జరగడం, "నేను లేకపోతే మీకే హాయి" వంటి మాటలు రెండు వారాలు దాటి ఉంటే తేలిగ్గా తీసుకోకూడదు.

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే మాట బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే 14416కి ఫోన్ చేయాలి, వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే 108ని పిలవాలి లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేను, చెరువు ఉన్న ఇళ్లలో పురుగుమందులు, మందు బిళ్లలు పిల్లల చేతికి అందకుండా తాళం వేసి పెట్టడం ఎప్పుడూ మంచిదే, ఫలితాలొచ్చే వారంలో తప్పనిసరి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టాలని, మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టే పద్ధతి మానుకోవాలని అందులో ఉంది. ఫీజు కట్టే ముందు "మీ కౌన్సెలర్ ఎవరండీ, ఒకసారి కలవొచ్చా?" అని అడిగే తండ్రులు ఎక్కువైతే ఆ కాగితానికి కొంత ప్రాణం వస్తుంది.

ఈ వయసులో వైద్యులకూ కుటుంబానికీ మధ్య తగువు వచ్చేది ఒక్క విషయం మీదే: లోపల అమ్మాయి ఏం చెప్పింది? డబ్బు కట్టింది మేం, పిల్ల మాది, మాకు చెప్పరా అంటారు. చెప్పరు, చెప్పకూడదు. చెబుతారని తెలిస్తే రెండోసారి ఆ పిల్ల నోరు విప్పదు. అయితే హద్దులున్నాయి. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే ఇంట్లోవాళ్లకు చెప్పి తీరాలి. లైంగిక వేధింపు బయటపడితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఈ రెండు సంగతులూ మొదటి రోజే పిల్లకూ పెద్దలకూ కలిపి చెప్పే వైద్యులను నమ్మొచ్చు.

మందుల గురించి రెండు మాటలు. చిన్నపిల్లల బెంగ, బడి భయం వంటివాటికి చాలాసార్లు మందు అక్కర్లేదు. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరు పిల్లల్లో కలత, ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే హెచ్చరిక పెట్టింది. కాబట్టి ఆ రోజుల్లో దగ్గరుండి గమనించాల్సింది ఇంట్లోవాళ్లే. తగ్గింది కదా అని సొంతంగా ఆపేయకూడదు. ధ్యాస నిలవక, కుదురు లేక ఇబ్బందిపడే ఏడీహెచ్‌డీ అనే సమస్యకు వాడే కొన్ని మందులు ఆకలి చంపేస్తాయి, అందుకే టిఫిన్ పెట్టి వేయమంటారు. ఆటిజానికి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని లక్షలు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు, అది పనిచేస్తుందన్న రుజువు లేదు. ఆసుపత్రిలో చేర్చాల్సి రావడం అరుదు. చేర్చితే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పిల్లల వెంట ఇంటి మనిషి ఉండాలి, ఆడపిల్ల అయితే ఆడమనిషే వెంట ఉండాలి.

మొదటిసారి వెళ్లేముందు

"ఐస్‌క్రీమ్ తిందాం పద" అని అబద్ధం చెప్పి తీసుకెళ్లొద్దు. "నీ కడుపునొప్పి గురించి మాట్లాడే డాక్టరు, సూది వెయ్యరు" అంటే చాలు. పాత స్కానింగ్ కాగితాలు, బడి ప్రోగ్రెస్ కార్డు, చిన్నప్పటి టీకాల కార్డు, ఒక తెలుగు నోటు పుస్తకం, ఒక ఇంగ్లిష్ నోటు పుస్తకం సంచిలో పెట్టుకోవాలి. పిల్లాడి ఎదుటే వాడి తప్పుల చిట్టా విప్పొద్దు, అది విడిగా చెప్పుకోవచ్చు. ఐదు నిమిషాల్లో పేరు పెట్టేసి, ఆరు మందులు రాసి, ఇంట్లో ఎవరెవరుంటారని కూడా అడగని చోట రెండో అభిప్రాయం తీసుకోవాలి. గది దాటేముందు అమ్మమ్మ అడగాల్సినవి మూడు: మేం ఇంటి దగ్గర చెయ్యాల్సిందేంటండీ, బళ్లో ఎవరితో ఏం చెప్పాలండీ, ఎప్పటికి తేడా కనబడుతుందండీ? మూడో దానికి సరిగ్గా ఇన్ని రోజులని ఎవరూ చెప్పలేరు. మళ్లీ ఎప్పుడు రావాలో మాత్రం తేదీ వేయించుకోవాలి. ఆ తేదీకి కువైట్‌లో ఎన్ని గంటలవుతుందో లెక్క కట్టి ఆమెకు వాయిస్ మెసేజ్ పెట్టాలి.